మూరెడు బురద

మా పాలచెరువు పచ్చబడిన సంగతిని ప్రభుత్వం ఆలస్యంగా గుర్తించిందని కొందరు గిట్టనివాళ్లు అంటుంటారు. అది శుద్ధ అబద్ధం. ప్రభుత్వం మొదట్లోనే గుర్తించింది. కాకపోతే కొన్నేళ్ల పాటు ఆ పచ్చదనాన్ని జిల్లాలో పెరిగిన పచ్చదనం కింద జమకట్టుకుంది. నీళ్ల మీద చాపలా పరుచుకున్న నాచు పుణ్యమా అని మా జిల్లాకు రాజధానిలో ఒక జ్ఞాపిక కూడా ఇచ్చారు. అది ఇప్పటికీ కలెక్టరేట్ మెట్ల పక్కన అద్దాల బీరువాలో ఉంది.

ఆ తర్వాత ఒక ఎండాకాలం పొద్దున చెరువులోని చేపలన్నీ వెల్లకిలా తేలాయి. కంపు మొదట చేపలు పట్టే గంగపుత్రుల వాడకు వెళ్లింది. అక్కడ ఉన్నంతకాలం అది వట్టి కంపే. గాలి మళ్లి కలెక్టరేట్ దాకా వచ్చాక సమస్య అయింది. సమస్య అన్నాక దానికొక సంస్థ ఉండాలి కనుక సరోవర పునరుజ్జీవన ప్రాధికార సంస్థ పుట్టింది.

అందులో నేను పరిభాషాధికారిని. సంస్థలో జరిగే ప్రతి పనికీ, జరగని ప్రతి పనికీ గౌరవప్రదమైన తెలుగు మాట కూర్చడం నా ఉద్యోగం. కంపును 'వాయు నాణ్యతా వ్యత్యయం' అన్నది నేనే. నాచును 'ఉపరితల హరిత సమృద్ధి' అన్నదీ నేనే. నా మాటలు చదివినవాళ్లకు ముక్కు మూసుకోవాలని అనిపించదు. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం ఉంది, దాచుకోను.

సంస్థ అయితే పుట్టింది కానీ, దానికి ఇవ్వడానికి చెరువులో ఏమీ మిగల్లేదు. చెరువును పంచుకుని చాలాకాలమైంది. నీళ్లు నీటిపారుదల వాళ్లవి. చేపలు మత్స్యశాఖవి. గట్టు రోడ్ల శాఖది. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి రెవెన్యూది. దాని మీద లేచిన అపార్టుమెంట్లు ఎవరివో రెవెన్యూ వాళ్లనడిగితే వాళ్లు ఆకాశం వంక చూస్తారు. ఊరి మురుగంతా మోసుకొచ్చి చెరువులో పోసే పెద్ద మోరీ పురపాలక సంఘానిది. అందరి వాటాలూ పోగా అడుగున బురద మిగిలింది. దాన్ని ఎవరూ అడగలేదు. అందుకని "చెరువు అడుగు నుండి మూరెడు లోతు వరకు గల బురద" మీద సమస్త అధికారాలూ మా సంస్థకు దఖలు పరుస్తూ ఉత్తర్వు వచ్చింది. మూర ఎవరిదన్న వివాదం కొంతకాలం నడిచి, చివరకు సంచాలకుల వారి మూరే ప్రామాణికమని తేలింది.

మా సంచాలకులు డాక్టర్ విశ్వంభరరావు గారు నిజంగా చదువుకున్న మనిషి. బురద మీదే డాక్టరేటు చేశారు. ఎక్కడో చల్లని దేశంలో ఇలాగే పచ్చబడిన సరస్సును బాగుచేశారని తెలిసి, చూసి రావడానికి ఒక బృందాన్ని వెంటబెట్టుకు వెళ్లారు. అక్కడివాళ్లు రెండు పనులు చేశారట. మొదట సరస్సులోకి వచ్చే మురుగును ఆపారు. ఆ తర్వాత, ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న భాస్వరం మళ్లీ పైకి తేలకుండా పటిక వేసి బురదలోనే కట్టేశారు. భాస్వరమంటే మరేం కాదు, మన పొలాల్లో వేసే ఎరువులో ఉండేదే. పైరుకు ఎంత బలమో నాచుకూ అంతే బలం. మురుగు ఆపిన చోటు చూపించిన రోజు మన బృందం బజారుకు వెళ్లింది. పటిక వేసిన చోటు చూపించిన రోజు మాత్రం ఒక్కరూ తప్పకుండా హాజరయ్యారు.

తిరిగొచ్చాక గట్టు మీద షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరిపాం. ప్రజల తరఫున మాట్లాడింది సత్తవ్వ. చేపలమ్ముకునే ఆడవాళ్ల సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఆ వాడ మొత్తం చెరువు మీద బతికింది. చేపలు చచ్చినప్పటి నుంచి సంఘంలో ఆడవాళ్లు కొందరు మేస్త్రీల వెంట ఇసుక మోయడానికి, కొందరు ఆ అపార్టుమెంట్లలోనే అంట్లు తోమడానికి పోతున్నారు. సత్తవ్వ మాత్రం వలలు అమ్మనివ్వలేదు. వానలు పడగానే చెరువులో చేపపిల్లలు వదలాలి, అవి బతకాలి, మళ్లీ బుట్టలు నెత్తికెత్తుకోవాలి. ఆమె కోరేదల్లా ఇదే.

"సారూ, గా మోరీని మలుపుండ్రి. మోరీ మలిపితె చెర్వు దానంతటదే తేరుకుంటది" అంది సత్తవ్వ. "మేం చేపపిల్లలను ఇడుసుకుంటం, మా బతుకు మేం బతుకుతం. మీరు ఇంకేం జెయ్యకున్నా సరే."

ఇది ఆమె కనిపెట్టిన రహస్యమేమీ కాదు. ఊళ్లో అందరికీ తెలిసిందే. టీ కొట్టు వాడికీ తెలుసు, జడ్జి గారికీ తెలుసు, అందరికంటే వివరంగా మా సంచాలకులకు తెలుసు. ఆయన డాక్టరేటు గ్రంథంలో మొదటి అధ్యాయం అదే.

అయినా ఆయన విసుక్కోకుండా జవాబిచ్చారు. "అమ్మా, తమ సూచన శాస్త్రీయంగా శిరోధార్యం. అయితే మోరీ మా పరిధిలోనిది కాదు. అందులోంచి వచ్చే పదార్థం నీటిలో ఉన్నంతసేపు నీటిపారుదల శాఖది. అడుగుకు దిగి బురదగా పరిణమించిన క్షణం నుంచి మాది. ఆ క్షణం రానివ్వండి, ఇక మేము దాన్ని వదిలేది లేదు."

షామియానా కింద అధికారులంతా చప్పట్లు కొట్టారు. ప్రజాభిప్రాయం సానుకూలమని నేను నమోదు చేశాను.

పటికంటే మన ఇళ్లలో కడవ నీళ్లు తేరడానికి తిప్పే పటికే. దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టేదీ, మంగలి షాపులో గడ్డం గీశాక చెంపకు రుద్దేదీ అదే. అది లారీల మీద దిగింది. ప్రారంభోత్సవానికి మంత్రి గారు వచ్చి, మొదట పథకానికే దిష్టి తగలకుండా ఎర్రగుడ్డలో పటిక గడ్డ చుట్టి వేదికకు కట్టారు. ఆ తర్వాత పడవల్లోంచి పటిక నీళ్లు చల్లడం మొదలుపెట్టారు. చూస్తుండగానే నీళ్లలో తెల్లటి తునకలు ఏర్పడి, అటుకుల్లా మెల్లగా అడుగుకు దిగిపోయాయి. నీళ్లు తేటపడ్డాయి. నిజంగానే తేటపడ్డాయి, లేనిది నేను చెప్పను. ఎన్నడో పడిపోయిన సైకిలొకటి అడుగున కనబడితే ఊరంతా గట్టు మీద చేరి ఆ సైకిలును చూసింది. సత్తవ్వ మోకాలి లోతుకు దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని, కళ్లకద్దుకుంది. ఆ సాయంత్రం వాడలో వలలు బయటికి తీసి కుట్టుకుంటున్నారని విన్నాను.

చిక్కు అక్కడే వచ్చింది. అడుగున పటిక పొర కింద భాస్వరం భద్రంగా ఉంది. బంగారు తీగ అనే చేపకు బురదలో మూతి పెట్టి కెలికే అలవాటు. అది కెలికితే కట్టేసిన భాస్వరం విడిపోతుంది. ఇది కూడా నిజమే. మా సంస్థలో నిజాలకు ఎప్పుడూ కరువు లేదు. దాంతో బంగారు తీగలను ప్రమాదకర శక్తులుగా గుర్తించాం. 'అవక్షేప భంగకారులు', అంటే అడుగు బురదను చెదరగొట్టేవాళ్లు, అన్న మాట నేనే ఇచ్చాను. మత్స్యశాఖ వాళ్లు, చేప తమది కదా అని కాసేపు గింజుకున్నారు. చేప నీళ్లలో ఉన్నంతసేపు వాళ్లది, మూతి బురదలో ఉన్నంతసేపు మాది అని ఒప్పందం కుదిరింది.

బంగారు తీగలు వద్దంటే మానేస్తాం, పైపైన తిరిగే బొచ్చెలూ రవ్వలూ వదులుకుంటామని సత్తవ్వ ఆఫీసుకు వచ్చి అడిగింది. సంచాలకులు చాలాసేపు ఆలోచించారు. ఏ చేపకైనా కిందికి వెళ్లే స్వేచ్ఛ ఉంటుందనీ, ఆ స్వేచ్ఛను అది ఎప్పుడు వాడుకుంటుందో చెప్పలేమనీ అన్నారు. అందువల్ల చేపలన్నీ నిషేధం. తర్వాత బర్రెలు నిషేధం, వాటి కాళ్లు అడుగుకు తగులుతాయి. ఆ ఏడు బతుకమ్మల మీద కూడా ఉపసంఘం వేశాం. పూలు మునుగుతాయి, మునిగినవి అడుగుకు చేరతాయి, చేరితే మావవుతాయి. వందల బతుకమ్మలను గట్టు మీద పెట్టిన నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో వంతులవారీగా ముంచి తీసుకుపొమ్మన్నాం. చెరువు కళ్లెదురుగా పెట్టుకుని తొట్టి చుట్టూ ఆడిన ఆడవాళ్ల ముఖాలు ఇప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గుగానే ఉంటుంది. ప్రకటనలో మాత్రం 'పర్యావరణ హిత వేడుక' అని రాశాను.

ఇంత చేస్తున్నా మోరీ తన పని తాను చేసుకుపోతూనే ఉంది. దసరా పోయి దీపావళి వచ్చేసరికి చెరువు మళ్లీ పచ్చబడింది. సైకిలు మాయమైంది. పత్రికల వాళ్లు అడిగితే సంచాలకులు తడబడలేదు. మా బురద స్వచ్ఛంగా ఉంది, పైన ఉన్న నీళ్ల సంగతి నీళ్ల వాళ్లను అడగండి అన్నారు. నీళ్ల వాళ్లు మోరీ వాళ్లను అడగమన్నారు. మోరీ వాళ్లు ప్రజలను అడగమన్నారు, మురుగు వాళ్లదే కదా అని.

రాజధానిలో మాత్రం మా పేరు మోగిపోయింది. అక్కడ చెరువుల సంస్థల పనితీరును, ఎంత భాస్వరాన్ని కట్టేశారన్న దాన్ని బట్టి కొలుస్తారు. పక్క జిల్లాలో ఎవరో తెలివితక్కువ అధికారి ముందు మోరీని మళ్లించాడట. కొన్నాళ్లకు వాళ్ల చెరువులో కట్టేయడానికి భాస్వరమే లేకుండా పోయింది. వాళ్లకు అట్టడుగు స్థానం వచ్చింది, సంజాయిషీ కూడా అడిగారు. మాకు మోరీ రోజూ కొత్త భాస్వరం తెచ్చి ఇస్తుంది. అది అడుగుకు దిగుతుంది, మేం పటిక వేస్తాం, మళ్లీ దిగుతుంది, మళ్లీ వేస్తాం. రాష్ట్రంలో మాదే మొదటి స్థానం.

ఇలా హాయిగా సాగుతున్న రోజుల్లో పురపాలక సంఘానికి ఒక కొత్త కమిషనరమ్మ వచ్చింది. చిన్న వయసు, ఇంకా నియమాల పాకంలో ముదరలేదు. నిధులు సంపాదించాను, మోరీని మళ్లించి శుద్ధి చేసి గాని చెరువులోకి వదలను అని ప్రకటించింది. సత్తవ్వ, సంఘంలో ఆడవాళ్లు వెళ్లి ఆమెకు పూలదండ వేసొచ్చారు. ఆ కబురు విన్న మా సంచాలకులు మధ్యాహ్నం భోజనం ముట్టలేదు.

ఉభయ శాఖల సమావేశంలో ఆయన ఎన్నడూ లేనంత ఆవేదనతో మాట్లాడారు. "మేడమ్, తమరు మురుగును మురుగుగా మాత్రమే చూస్తున్నారు. అది మా సంస్థకు జీవనాధారం. అవిచ్ఛిన్నంగా వస్తున్న పోషక ప్రవాహాన్ని ఏకపక్షంగా నిలిపివేస్తే, ఇంతమంది సిబ్బంది, ఇంత పటిక, ఈ మొదటి స్థానం, ఇవన్నీ ఏం కావాలి?"

జీవనాధారం అన్న మాట నేనిచ్చింది కాదు. నిషేధం రోజున సత్తవ్వ చెరువు గురించి 'మాకు గదే బతుకుదెరువు సారూ' అని ఏడ్చింది. సంచాలకులకు ఆ భావం నచ్చి, గ్రాంథికంలో పెట్టి వాడుకున్నారు. కమిషనరమ్మ, మీరు చెరువును బాగుచేయడానికి పెట్టిన సంస్థ కదా అని అడిగింది. కాదని, తమది బురద సంస్థ అని ఆయన సవినయంగా సరిదిద్దారు. వానాకాలం రాకముందే ఆమెకు బదిలీ అయింది. మోరీ నిధులు వృథా పోకుండా, గట్టు మీద 'లవ్ పాలచెరువు' అని మనిషెత్తు ఎర్ర అక్షరాలు, మధ్యలో ఒక గుండె బొమ్మ పెట్టించారు. జనం ముక్కుకు కర్చీఫు కట్టుకుని వచ్చి దాని ముందు ఫోటోలు దిగుతుంటారు.

మొదటి స్థానం రావడం తేలిక, నిలబెట్టుకోవడమే కష్టం. మరుసటి ఏడాదికి లక్ష్యం పెంచారు, మోరీ తెచ్చేది దానికి చాల్లేదు. ఇక్కడ మా పటిక మాకే అడ్డం వచ్చింది. పొర మీద పొర పడి అడుగంతా సున్నం వేసినట్టు గట్టిపడింది. దాని కింద కట్టేయని భాస్వరం బోలెడంత ఉంది కానీ, పైకి వస్తే గాని కట్టేయడానికి లేదు. తవ్వుదామంటే తవ్వకం నీటిపారుదల శాఖ హక్కు. ఎరువు బస్తాలు కొని చెరువులో పోద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. అప్పటికే ఎరువుల గోదాము ముందు రైతులు తమ బదులు చెప్పులను వరుసలో నిలబెట్టి చెట్టు కింద కూర్చున్నారు. ఆ చెప్పులను దాటుకుని మా లారీ వెళ్తే బాగుండదని ఆ ప్రతిపాదనను తాత్కాలికంగా పక్కన పెట్టాం.

అప్పుడు సంచాలకులకు బంగారు తీగలు గుర్తొచ్చాయి. బురదను కెలికి భాస్వరాన్ని పైకి తేవడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య. నేరమైతే నిషేధించాం, అదే అవసరమైతే ఏం చేయాలి? పరిపాలనాధికారి మొయినుద్దీన్ సాబును పిలిపించారు. ఆయనకు సర్వీసు నిబంధనలన్నీ నోటికి వచ్చు. అన్నం తింటూ కూడా నిబంధన సంఖ్య చెప్పగలరు.

"నిషేధం ప్రైవేటు చేపల మీద ఉన్నది సార్. సర్కారు చేప మీద లేదు" అన్నారు సాబు. "కొలువుల పెట్టుకుంటె ఏ పరేషానీ లేదు."

అలా బంగారు తీగలు ఉద్యోగంలోకి వచ్చాయి. మొదట పొరుగు సేవల కింద, అంటే ఔట్‌సోర్సింగ్‌లో, తీసుకుందామనుకున్నారు కానీ, పొరుగు సేవల వాళ్లకు నిషిద్ధ ప్రాంతంలోకి ప్రవేశం లేదు. కనుక రెగ్యులర్ పోస్టులే మంజూరు చేయించారు. పదవికి పేరు నన్నడిగారు. 'అవక్షేప ఉద్ధరణ సహాయకులు, రెండవ శ్రేణి' అని ఇచ్చాను. శారీరక దారుఢ్య పరీక్ష కింద ఈత పెట్టారు. అభ్యర్థులందరూ ఉత్తీర్ణులయ్యారు. గుర్తింపు కార్డులకు ఫోటోలు కావలసి వచ్చినప్పుడు, ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయన్న కారణంతో ఒక్క ఫోటోనే అందరికీ సరిపెట్టారు.

చేపపిల్లలు చెరువులో పడ్డాయన్న వార్త వాడకు చేరినప్పుడు అక్కడ పండగ చేసుకున్నారు. ఎవరు వదిలారు, ఎందుకు వదిలారని ఎవరూ అడగలేదు. కొన్ని నెలలు ఓపికపట్టి, చేప చేతికందేంత ఎదిగాక సత్తవ్వ ఒక పొద్దున తొలి వల వేసింది. వల నిండా పడ్డాయి. వాటిని గట్టుకు లాగేలోపు కాపలావాడు ఈల ఊదాడు.

ఆమెను ఆఫీసుకు తీసుకొచ్చి కూర్చోబెట్టారు. పక్కన సాక్ష్యంగా వల. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ సిబ్బందిని అడ్డుకోవడం, నిర్బంధించడం, తూకం వేసి అమ్మజూపడం అని మొయినుద్దీన్ సాబు అభియోగాలు చదివారు. సత్తవ్వ మొదట అర్థంకాక మా అందరి ముఖాలూ చూసింది. చేపలు ఉద్యోగం చేస్తున్నాయని నేను విడమరిచి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"చేస్కోనీ సారూ, సర్కారు కొలువు ఎవ్వలకు చేదు" అంది చివరికి. "పింఛనుకొచ్చినంక పట్టుకుంటం. ఎన్నేండ్లకు దిగుతరో చెప్పుండ్రి, గప్పటిదాంక ఉపాసముంటం."

మొయినుద్దీన్ సాబు కళ్లజోడు సవరించుకుని పదవీ విరమణ వయసు లెక్కవేయబోయారు. సంచాలకులు వారించి, ఆమెను మందలించి పంపించేశారు.

బంగారు తీగలు మాత్రం నమ్మకంగా పనిచేశాయి. సెలవు పెట్టలేదు, సంఘం పెట్టుకోలేదు, బకాయిలు అడగలేదు. అవి కెలికితే భాస్వరం తేలింది, తేలిన దాన్ని మేం పటికతో కట్టేశాం, మళ్లీ కెలికాయి. చెరువు గోంగూర పచ్చడి రంగుకు తిరిగింది. మాకు జాతీయ స్థాయిలో అవార్డు ప్రకటించారు.

అవార్డు అందుకోవడానికి సంచాలకులు ప్రయాణమవుతున్న వారంలోనే, ఎండాకాలం పొద్దున, చేపలన్నీ మళ్లీ వెల్లకిలా తేలాయి. కారణం పాతదే. మోరీ, దాని వల్ల నాచు, నాచు కుళ్లి నీళ్లలో గాలి అయిపోవడం. అయితే ఈసారి చచ్చింది చేపలు కాదు, ఉద్యోగులు. ఒక శ్రేణి సిబ్బంది మొత్తం విధుల్లో ఉండగా మరణించడం రాష్ట్రంలో అదే మొదటిసారి. ఆఫీసుకు ఒక పూట సెలవిచ్చి, గట్టు మీద గుండె బొమ్మ పక్కన సంతాప సభ పెట్టాం. తీర్మానం నేను రాశాను. "తుదిశ్వాస వరకు బురదనే నమ్ముకున్న అమరులు" అన్న వాక్యాన్ని సంచాలకులు రెండుసార్లు చదివారు. ఊపిరాడక పోయినవాళ్ల విషయంలో తుదిశ్వాస అనడం బాగుంటుందా అని నాకు అనుమానం వచ్చింది కానీ, వాక్యం నడక బాగుండటంతో ఉంచేశాను.

సత్తవ్వ సభకు వచ్చింది. సంఘం ఆడవాళ్లు కూడా ఆమె వెనకాల వచ్చి నిలబడ్డారు. మౌనం పాటించమంటే పాటించారు. అయిపోయాక ఆమె తిన్నగా మొయినుద్దీన్ సాబు దగ్గరికి నడిచింది.

"మా వాడల అటెండరు రాజమల్లు కొలువుల ఉండంగనే సచ్చిపోతె ఆయన పెండ్లానికి నౌకరిచ్చిండ్రు సాబూ. ఆయన మీద ఆధారపడ్డదని ఇచ్చిండ్రట" అంది. "గీ చేపల మీద ఆధారపడ్డోళ్లు ఎవ్వలు? మేమే గద. మా పెద్దల కాడికెల్లి ఆధారపడ్డోళ్లం మేమే. మరి మాకేమిస్తరు?"

అది ఆమె కడుపు మండి అన్న మాట. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలిసింది. కాపలావాడు తల దించుకున్నాడు. ఒక్క మొయినుద్దీన్ సాబుకే తెలియలేదు. వెటకారాన్ని ఎలా స్వీకరించాలో ఏ నిబంధనలోనూ లేదు. ఆయన ఆమె అడిగిన దాన్ని అర్జీగా తీసుకుని, ఆఫీసుకు వెళ్లి పుస్తకాలు తిరగేశారు. మృతులు రెగ్యులర్ ఉద్యోగులు. మరణం విధి నిర్వహణలో. అర్జీదారు కుటుంబాల బతుకు మృతుల మీదే ఆధారపడిందని మా సంస్థ రికార్డుల్లోనే, నిషేధం నాటి ఏడుపులో, స్పష్టంగా ఉంది. వారసులుగా ముందుకొచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు.

"ఇయ్యకపోతె కోర్టుల ఓడిపోతం సార్" అని తేల్చారు. "కారుణ్య నియామకం, అదే పోస్టు, అదే డ్యూటీ."

సంచాలకులకు ప్రాణం లేచొచ్చింది. ఏడాది లక్ష్యంలో సగం మిగిలుంది, పోస్టులన్నీ ఖాళీగా ఉన్నాయి. సత్తవ్వకూ, సంఘం ఆడవాళ్లకూ నియామక పత్రాలు వాడకే వెళ్లి ఇచ్చొచ్చాం. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వెనకాల గోడకు వలలు వేలాడుతున్నాయి. వద్దంటుందేమోనని నేను అనుకున్నాను, వద్దనాలని ఎందుకో కోరుకున్నాను. కానీ లోపల పొయ్యి మీద ఏమీ లేదు. ఆమె చదువుకున్న కోడలిని పిలిచి సంతకం ఎక్కడ పెట్టాలో అడిగింది.

ఇప్పుడు ప్రతి పొద్దునా వాళ్లు చీరలు ఎగ్గట్టి, నడుం లోతు దిగి, వెదురు గడలతో అడుగును కెలుకుతారు. మోరీ వచ్చి పడే చోట బురద మెత్తగా ఉంటుంది కనుక సీనియర్లకు అక్కడ వేశారు. సత్తవ్వ సీనియర్. కాళ్లకు పుండ్లు లేచాయి, దగ్గు పట్టుకుంది. జీతం మాత్రం నెలనెలా వస్తోంది. భాస్వరం పుష్కలంగా తేలుతోంది, పటిక లారీలు గట్టు మీద బారులు తీరుతున్నాయి.

మొన్న ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేవాళ్లు వాడకు వచ్చారట. సత్తవ్వ నన్ను గట్టు మీద ఆపి, తన కొలువు పేరేమిటో ఇంకోసారి చెప్పమంది. అవక్షేప ఉద్ధరణ సహాయకురాలు, రెండవ శ్రేణి అన్నాను. ఆమె పలకడానికి ప్రయత్నించి, మధ్యలో దగ్గొచ్చి ఆగిపోయింది.

"అంతగనం నాకు నోరు తిరుగది సారూ. చేప అని రాయించిన" అంది. "అబద్ధమేం గాదు గద."

తల వంచుకుని ఆఫీసుకు వచ్చేశాను.

నిన్న సంచాలకులు నన్నూ, మొయినుద్దీన్ సాబునూ పిలిచారు. ఎండలు ముదురుతున్నాయి, సహాయకురాళ్లలో కొందరికి ఊపిరాడటం లేదని కాపలావాడు చెబుతున్నాడు, దానికొక మంచి మాట చూడమని నాతో అన్నారు. చూస్తానన్నాను. సంతాప తీర్మానానికి శ్రమ పడనక్కర్లేదు, పాతదే ఉంది, పేర్లు మారిస్తే సరిపోతుంది అన్నారు. బయటికి వచ్చాక మొయినుద్దీన్ సాబు నన్ను పక్కకు పిలిచి, సత్తవ్వ కోడలికి ఈత వచ్చో రాదో కనుక్కు రమ్మన్నారు.